అమ్మగారు ప్రార్థించి ఇచ్చిన పాలు

సహోదరీలారా, సహోదరులారా, పలమనేరు నుంచి ఈ చిత్తూరు కూడిక దాకా నన్ను నడిపించుకొచ్చి మీ ముందు నిలబెట్టిన దేవునికి ముందుగా స్తోత్రం చెప్పుకుంటున్నాను. నా పేరు సుగుణ, పలమనేరు దగ్గర ఒక పల్లె మాది, మూడు జెర్సీ ఆవులు పెట్టుకుని పాలు పోసి బతికే ఇల్లు. మూడేళ్ళ కిందట నేను తుమ్మడానికి కూడా భయపడిన మనిషిని! నవ్వకండి, ఉన్నమాటే చెబుతున్నాను, తుమ్ము వస్తుందనిపిస్తే రెండు చేతులతో పక్కటెముకలు అదిమి పట్టుకుని, ప్రభువా ప్రభువా అనుకుంటూ గోడకు ఆనుకునేదాన్ని, లోపల ఏ ఎముక ఎప్పుడు పుటుక్కుమంటుందో నాకు తెలియదు.

బీపీని ఏళ్ళ తరబడి పట్టించుకోక నా కిడ్నీలు సగానికి పైగా చెడిపోయాయని తిరుపతిలో డాక్టరుగారు చెప్పినప్పుడు ఇంట్లో అందరూ ఏడ్చారు గానీ నాకు అంత భయం వేయలేదు, నొప్పి లేని జబ్బు నన్నేం చేస్తుందిలే అనుకున్నాను. మొండిదాన్ని! తర్వాత నొప్పి రానే వచ్చింది. మొదట మడమలు, ఆ తర్వాత నడుము, తొడలు, వాటికి తోడు ఒళ్ళంతా దురద, గోక్కుని గోక్కుని చేతులు పుండ్లయ్యాయి. ఆవు కింద కూర్చుంటే లేవలేక కొట్టం గుంజ పట్టుకుని వేలాడేదాన్ని. కిడ్నీలు పాడైతే ఎముకలు కూడా గుల్లబారతాయని డాక్టరుగారు చెప్పి, మూడు పూటలా అన్నంతో పాటు నమలమని మాత్రలు రాసి, పాలు పెరుగు బాగా తగ్గించమన్నారు. ఆ మాట ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశాను. పాడి చేసుకునే మనిషిని పాలు తగ్గించమంటే ఎలా? ఎముకలకు పాలే బలమని మా అవ్వ దగ్గర నుంచి వింటూ పెరిగినదాన్ని, డాక్టరుగారే ఏదో పొరపాటు పడ్డారని తీర్మానం చేసుకున్నాను.

మా ఇంట్లో ఒక అలవాటు ఉంది. ఉదయం పితికిన పాలలో మొదటి చెంబు ప్రథమఫలంగా మా పాస్టరుగారింటికి పంపుతాం. నా ఎముకల నొప్పుల సంగతి విన్నప్పటి నుంచి అమ్మగారు, అంటే పాస్టరుగారి భార్య, ఆ పాలే కాచి, పెద్ద గ్లాసు నింపి, దాని మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి, కొంగుతో పట్టుకుని తానే మా ఇంటికి తెచ్చేవారు. "తాగు సుగుణా, ప్రభువు నీ ఎముకల్లోకి బలం పోస్తాడు" అనేవారు. ఎంత ప్రేమ ఆమెది! నా సొంత అక్క కూడా నన్ను అలా చూడలేదు. ప్రార్థించిన పాలు ఎక్కడైనా చెరుపు చేస్తాయా అని నేను గటగటా తాగేదాన్ని, అంతటితో ఆగానా, ఆ ప్రార్థన మందుకు కూడా తగలాలని మూడు పూటల మాత్రలు మూడూ ఒకేసారి, పరగడుపున, ఆ పాలతోనే మింగేదాన్ని. డాక్టరుగారు అడిగితే రోజుకు మూడూ తప్పకుండా వేసుకుంటున్నాను సార్ అనేదాన్ని. అది అబద్ధం కాదు, అలాగని నిజమూ కాదు.

ఒక ఉదయం దూడను తల్లి దగ్గర నుంచి లాగుతున్నాను, అది తాడును ఒక్క గుంజు గుంజింది, నేను పడను కూడా లేదు సహోదరులారా, కాస్త పక్కకు తిరిగానంతే, లోపల ఎండుపుల్ల విరిగినట్టు వినబడింది. ఊపిరి ఆడలేదు. మా ఆయన పరిగెత్తుకొచ్చి "యాడికీ కదలొద్దు మే, ఈడనే కూసో, నేను జీపు పిల్సుకొస్తా" అని ఉరికాడు. తిరుపతిలో ఎక్స్‌రే తీస్తే రెండు పక్కటెముకలు విరిగి ఉన్నాయి. డాక్టరుగారు ఆ ఫిల్మును వెలుగుకు పట్టి చూసి, "ఇంత సిన్న గుంజుకే ఇరిగినాయమ్మా, రేపు ఇరిగేది తొడ ఎముకైతే నువ్వు మంచం దిగేది కష్టం" అన్నారు.

ఆ రోజు నుంచి నేను బతికింది బతుకు కాదు. గడప దాటాలంటే భయం, తడి నేల చూస్తే భయం, బస్సు ఎక్కాలంటే భయం. నా కూతురి బిడ్డ నాలుగేళ్ళది, అవ్వా అని పరిగెత్తుకొచ్చి కాళ్ళు చుట్టేస్తుందేమోనని, ఆ పిల్ల అడుగుల చప్పుడు వినగానే తలుపు వేసేదాన్ని, అది తలుపు అవతల నిలబడి ఏడుస్తుంటే ఇవతల నేను ఏడ్చేదాన్ని. ఇంత భయంలోనూ ఉదయం కాగానే పాల గ్లాసు వచ్చేది, నేను తాగేదాన్ని! దీనికంతటికీ కారణం ఈ పాలేనేమో అన్న అనుమానం అప్పటికే నాలో పుట్టింది, కానీ వద్దంటే ప్రార్థనను శంకించినట్టు, తాగితే ఏమవుతుందో తెలియదు, అడకత్తెరలో పోకచెక్కలా అయింది నా పని. మంచం మీద కూర్చుని ఇలా ప్రార్థించాను: "ప్రభువా, నా ఎముకలు విరుగుతాయని భయంగా ఉంది, నిజం చెబితే అమ్మగారి మనసు విరుగుతుందని భయంగా ఉంది, రెండు భయాలు మోసే శక్తి నాకు లేదు తండ్రీ, నాకు ఇంకేమీ వద్దు, నా నోరు తెరిపించు."

స్వరమేదీ వినబడలేదు, దర్శనమేదీ రాలేదు. మళ్ళీ చూపించుకోవడానికి తిరుపతి వెళ్ళే రోజున తోడుగా అమ్మగారే వచ్చారు, డాక్టరుగారి గదిలో నా పక్కనే కూర్చున్నారు. రక్తపరీక్ష కాగితం చూసి డాక్టరుగారు కళ్ళజోడు తీసి, "మాత్రలు దేంతో, ఎప్పుడు మింగుతాండావమ్మా? ఉన్నది ఉన్నట్టు సెప్పు" అన్నారు. పక్కకు చూసే ధైర్యం లేదు, కానీ నోరు తెరుచుకుంది సహోదరులారా! పాలు, ప్రార్థన, పరగడుపు, అన్నీ చెప్పేశాను. ఆయన కోప్పడలేదు. పాలలో భాస్వరం ఎక్కువని, బాగున్న కిడ్నీ దాన్ని బయటికి తోసేస్తుందని, నా కిడ్నీ తోయలేక అది రక్తంలో చేరి ఎముకల్లోని సున్నాన్ని లాగేస్తోందని, దురదకూ అదే కారణమని, తిండిలోని భాస్వరాన్ని కడుపులోనే పట్టుకోవాలంటే మాత్ర ప్రతి పూటా ముద్దతో పాటు పోవాలని విడమరిచి చెప్పారు.

అమ్మగారు లేచి నిలబడ్డారు. అయిపోయింది, ఇక ఈమె నా గడప తొక్కదు అనుకున్నాను. ఆమె నా సంచిలో నుంచి మాత్రల అట్ట తీసి డాక్టరుగారి ముందు పెట్టి, "తప్పు నాది సార్. ఎట్ల మింగాలో నాకు సెప్పండి, నేను దగ్గరుండి మింగిస్తా" అన్నారు. బస్సులో నా చెయ్యి పట్టుకుని, "దేవుణ్ణి అడిగినాను గానీ నిన్ను డాక్టరేమన్నాడో ఒక్కసారన్నా అడగలేదు సుగుణా" అని ఏడ్చారు. ఆమె మనసు విరుగుతుందని నేను భయపడ్డాను గానీ, ఆమె మనసు ఎంత పెద్దదో నాకప్పుడు తెలిసింది. మరుసటి రోజు నుంచి వట్టి చేతులతో వచ్చేవారు, నేను అన్నంలో చెయ్యి పెట్టగానే ప్రార్థన చేసి, ముద్దల మధ్య మాత్ర నమిలేదాకా కదిలేవారు కాదు.

నెలలు పట్టింది. ముందు దురద తగ్గింది, పక్కటెముకలు అతుక్కున్నాయి, తర్వాత నడుము నొప్పి మెల్లగా దిగింది, రక్తంలో భాస్వరం దారికొచ్చిందని డాక్టరుగారు చెప్పిన రోజు ఆసుపత్రి వరండాలోనే హల్లెలూయా అన్నాను! ఇంటికొస్తే తలుపు తీసే ఉంది, నా మనవరాలు దూసుకొచ్చి కాళ్ళు చుట్టేసింది, నేను పడలేదు.

నా కిడ్నీలు బాగైపోయాయని మీకు అబద్ధం చెప్పను. అవి బాగవలేదు, ఏదో ఒక రోజు మిషను మీద రక్తం శుద్ధి చేయించుకోవాల్సి రావచ్చునని డాక్టరుగారు చెప్పారు, ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు చల్లబడుతుంది. నా మందులు మీరు వేసుకోండని కూడా చెప్పడం లేదు, ఎవరి జబ్బు వారిది, ఎవరి డాక్టరు వారికి ఉన్నారు. ఒక్కటే బతిమాలుకుంటున్నాను. విశ్వాసులు ఏమనుకుంటారో అని డాక్టరు దగ్గర దాచిన మాట, మనసు నొచ్చుకుంటారేమో అని విశ్వాసుల దగ్గర దాచిన డాక్టరు మాట మీలో ఎవరికైనా ఉంటే, ఈ రోజే దేవుని మీద భారం వేసి చెప్పేయండి. ఆ గదిలో నా పక్కన అమ్మగారు ఒక్కరే కూర్చున్నారనుకుని నేను వణికిపోయాను, ప్రభువు కూడా కూర్చున్నాడు సహోదరులారా, మీ పక్కనా కూర్చుంటాడు, నమ్మండి. దేవునికే మహిమ!