కొసరు వేసిన కోడి ఖైమా

ఆ శుక్రవారం ఉదయం ఎడమ చెయ్యి లాగుతుంటే నేను కత్తిని తిట్టుకున్నాను. నాది పుర్రచేతి వాటం. వినుకొండ మార్కెట్ వీధిలో ఇరవై ఐదేళ్లుగా ఆ చేత్తోనే మటన్ కొడుతున్నాను. పొద్దుటి నుంచి మొద్దు మీద ఖైమా కొట్టేవాడికి చెయ్యి నొప్పి రావడం వింతేమీ కాదు. కాసేపటికి భుజం నుంచి మోచేతి దాకా బిగిసింది. దవడ బరువెక్కింది. ఒళ్లంతా చెమట పట్టింది. మన పల్నాడు ఎండలకి చెమట పట్టకపోతే కదా వింత అనుకున్నాను. కత్తికి పదును లేదని తమ్ముడు కాశిం మీద అరిచాను. వాడు పదును పెట్టి ఇచ్చాడు. మళ్లీ కొట్టాను, మళ్లీ లాగింది.

"అన్నా, మొగం ఏందట్టా పాలిపోయింది? దిగి కూకో" అన్నాడు.

"నువ్వు ముందు గిరాకీ చూడు" అన్నాను. ఆ మాట నోట్లో ఉండగానే మొద్దు పక్కన కూలబడ్డాను.

ఊళ్లో డాక్టరు ఈసీజీ తీసి, కాగితం చూసి, "చెయ్యి కాదయ్యా, గుండె. వెంటనే గుంటూరు తీసుకెళ్లండి" అన్నారు. మాట్లాడొద్దని ఆయన చెప్పినా కారులో నరసరావుపేట దాటేదాకా నేను అది చెయ్యి నొప్పే అని వాదిస్తూ పోయానట. మా ఆవిడ జాన్‌బీ ఇప్పటికీ ఆ మాట చెప్పి వెక్కిరిస్తుంది. కుడిచేతి వాటం వాడినై ఉంటే ఇంకాస్త ముందే అనుమానం వచ్చేదేమో.

గుంటూరులో మూడు రోజులు ఐసీయూలో ఉంచారు. యాంజియోగ్రామ్ చేశారు. డాక్టరమ్మ మంచం పక్కన నిలబడి తొందర లేకుండా చెప్పారు. "మైల్డ్ ఎటాక్ వచ్చింది. రెండు చోట్ల బ్లాకులున్నాయి. ఆరు నెలలు మందులతో చూద్దాం. మటన్ మానేయాలి. మరీ నోరు కట్టుకోలేకపోతే వారానికి రెండుసార్లు చికెన్ తినండి. స్కిన్ తీసేసి, నూనె తగ్గించి. రోజూ నడవండి. ఆరు నెలలకి కొలెస్ట్రాల్ దిగకపోయినా, నడిస్తే ఛాతీ పట్టేస్తున్నా, బైపాస్ గురించి ఆలోచించాల్సి వస్తుంది."

బైపాస్ అంటే ఏమిటని నర్సమ్మను అడిగాను. ఎదురురొమ్ము ఎముక కోసి లోపల కుడతారని చెప్పింది. ఆ మాట వేరేవాళ్లకి ఎలా వినిపిస్తుందో గానీ, నేను రోజూ రొమ్ములు చీల్చే మనిషిని. ఆ ఎముక ఎంత గట్టిదో, దాన్ని విడదీస్తే ఎలాంటి చప్పుడు వస్తుందో నాకు తెలుసు. భయపడ్డాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, చాలా భయపడ్డాను. ఇంటికి రాగానే డాక్టరమ్మ చెప్పినదాంట్లో ఒక్క అక్షరం తప్పనని జాన్‌బీకి మాటిచ్చాను.

నన్ను దుకాణం వైపు రానివ్వలేదు. కాశిమే చూసుకున్నాడు. ఇంట్లోకి కావలసిన కోడి కూడా వాడే తెచ్చి, హలాల్ చేసి, తోలు తీసి, ఖైమా కొట్టి పంపేవాడు. "అన్నకి మిషన్ ఖైమా పెడితే నాకు పాపం చుట్టుకుంటది" అనేవాడు. ముక్కల కూర వద్దని ఖైమాయే ఎందుకంటే, నాకు ప్రాణం అదే. పొద్దున్నే రొట్టెలో ఖైమా లేకపోతే తిన్నట్టుండదు.

మొదటిసారి జాన్‌బీ దాన్ని మేక ఖైమాలాగే కుక్కర్లో పెట్టి నాలుగు కూతలు రానిచ్చింది. మూత తీస్తే ఖైమా అంతా ఒక్క ముద్దై, నీళ్లలో తేలుతోంది. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని అరగంట నమిలాను.

"మా తాతలు దూది ఏకారు గానీ తిన్లేదు జానూ" అన్నాను.

"దూది తిని బతుకుతావో, మాంసం తిని పోతావో నువ్వే తేల్చుకో" అంది.

నవ్వుతూనే అంది గానీ, మర్నాడు కాశిం దగ్గర కళ్లనీళ్లు పెట్టుకుందని తర్వాత తెలిసింది. "మీ అన్న దూది నమిలినట్టు నముల్తన్నాడు. చూళ్లేకపోతన్నా" అందట.

నెల తిరిగేసరికి మా ఇంటి ఖైమాకి రుచి వచ్చింది. జాన్‌బీ కుక్కర్ మానేసింది. వెడల్పు మూకుడులో రెండు చెంచాల నూనె వేసి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, అల్లం వెల్లుల్లి వేగాక ఖైమా వేసి, పెద్ద మంట మీద గరిటెతో విడదీస్తూ దాని నీరు దానిలోనే ఇగిరేదాకా వేయించేది. దించేముందు గుప్పెడు మెంతికూరో, నాలుగు గోంగూర ఆకులో. ఆ కూర మూకుడు అడుగు తుడుచుకుని తిన్నాను. నీ చేతిలో ఏదో ఉందే అని పొగిడాను. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో అన్ని పొగడ్తలు నేను చెయ్యలేదు. ఆమె మురిసిపోయింది. డాక్టరమ్మ వారానికి రెండుసార్లంటే మాకు తెలియకుండానే నాలుగైంది. కోడే కదా అనుకున్నాం.

ఆరు నెలలు నిండాయి. మందులు వేళకి వేసుకున్నాను, కొండ దాకా నడిచాను. అయినా చివర్లో ఎత్తు ఎక్కేటప్పుడు ఛాతీ పట్టేసేది. అది ఎవరికీ చెప్పలేదు. గుంటూరు వెళ్లి రక్తంలో కొవ్వు చూసే లిపిడ్ ప్రొఫైల్ చేయించాం, మిషన్ మీద నడిపించి గుండెని చూసే టీఎంటీ చేయించాం. ఆ మిషన్ మీద నాలుగు నిమిషాలకే ఆపేశారు.

డాక్టరమ్మ రిపోర్టు చూసి కళ్లజోడు తీశారు. "ఇంత మందు వాడుతుంటే ఇంకా బాగా దిగాలి. బరువు కూడా పెరిగారు. ఏం తింటున్నారు?"

"కోడి ఖైమానే మేడమ్. తోలు తీసిందే."

"నాకు అబద్ధం చెబితే నష్టం నాకు కాదు. ఇంకో మూడు నెలలు చూస్తాను. తర్వాత సర్జన్ దగ్గరికి పంపిస్తాను."

బస్సులో జాన్‌బీ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. "బయట ఎక్కడన్నా తింటన్నావా?" అంది.

"నువ్వేం పోస్తన్నావో నాకేం తెలుసు?" అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆరు నెలలు నా కోసం తనూ మటన్ ముట్టని మనిషితో అన్నాను.

ఇల్లు చేరాక ఆమె మూకుడు తెచ్చి నా ముందు పెట్టింది. అడుగున కూర ఎండి ఉంది, అంచుల్లో తెల్లగా పేరుకున్న పొర. "నేను పోసేది రెండు చెంచాల నూనె. తేలేది నాలుగు చెంచాలు. పైగా చల్లారితే గడ్డ కడతంది. కోడి కొవ్వేమో అనుకున్నా ఇన్నాళ్లూ. నా పొయ్యి కాడ దొంగతనం లేదు. పోయి నీ మొద్దు కాడ చూడు" అంది.

గడ్డ కట్టిన ఆ పొరని గోటితో గీరి చూశాను. చేతికి తగలగానే తెలిసింది. నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

మర్నాడు పొద్దున్నే దుకాణం ఎదురుగా ఉన్న టీ బడ్డీ దగ్గర నిలబడ్డాను. కాశిం మా ఇంటికి పంపే కోడి తోలు ఒలిచి, మాంసం మొద్దు మీద వేసి కొట్టడం మొదలుపెట్టాడు. వాడి కుడి చెయ్యి కొడుతూనే ఉంది. ఎడమ చెయ్యి పైకి లేచి, కొక్కేనికి వేలాడుతున్న మేకపోతు కొవ్వు పిడికెడు లాగి ఖైమాలో వేసింది. కళ్లు పైకెత్తనైనా లేదు.

అలా వెయ్యడం వాడికి నేర్పింది నేనే. మీసాలైనా రాని రోజుల్లో పక్కన నిలబెట్టుకుని చెప్పాను. "గిరాకీ మనిషి అడక్కముందే కొసరు పడాలి. చెయ్యి చూడకుండా కొవ్వు కాడికి పోవాలి. అప్పుడే మన ఖైమా తిన్నోడు ఇంకో కొట్టుకి పోడు." ఊరంతటికీ నేను అలాగే వేశాను. మాకు అదే మర్యాద.

దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. వాడు నన్ను చూశాడు, చేతిలో కత్తి ఆగిపోయింది.

"ఎన్నాళ్ల నుంచిరా?"

"రవ్వంతే అన్నా. నువ్వు దూది నముల్తన్నావని వదిన ఏడ్చింది. కడుపు తరుక్కుపోయింది. బయటోడికి బేరానికి కొసరేసి సొంతన్నకి ఎయ్యకపోతే ఎట్టా?"

నాకు కోపం రాలేదు. పుణ్యానికి పోతే పాపం ఎదురైనట్టయింది వాడి పని. అయినా తిట్టాను. వీధిలో అందరూ చూసేలా తిట్టాను, తర్వాత వాడి భుజం మీద చెయ్యి వేసి టీ తాగించాను. అక్కడి నుంచి నేరుగా ఇంటికెళ్లి జాన్‌బీని క్షమించమని అడిగాను. "ఇరవై రెండేళ్లకి నోరు తిరిగింది" అంది. అంటే క్షమించిందని అర్థం.

మూడు నెలల తర్వాత గుంటూరు వెళ్లినప్పుడు కాశింని వెంట తీసుకెళ్లాను. జరిగింది చెబితే డాక్టరమ్మ మొదట నవ్వారు. తర్వాత యాంజియోగ్రామ్ బొమ్మ వెలుతురుకి పెట్టి వాడికే చూపించారు. "ఇదిగో, ఇక్కడ దారి సన్నబడింది చూడు. నువ్వు వేసే కొసరు ఈ దారికి మంచిది కాదు." మేకల గుండెలు వేలకొద్దీ చేత్తో పట్టినవాడు ఆ బొమ్మని వేలితో కూడా తాకలేకపోయాడు. వరండాలోకి వచ్చి తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.

ఆ రోజు రిపోర్టులో కొలెస్ట్రాల్ దిగింది. మిషన్ మీద తొమ్మిది నిమిషాలు నడిచాను. "వారానికి రెండంటే రెండే, నాలుగు కాదు" అని నన్ను కూడా గట్టిగానే మందలించి, "సర్జన్ మాట ఇప్పటికి పక్కన పెడదాం" అన్నారు డాక్టరమ్మ. ఆ ఎముక చప్పుడు నా చెవుల్లోంచి పోయింది ఆ రోజే.

ఇది జరిగి ఆరేళ్లయింది. మందులు వాడుతున్నాను. పట్టేయకుండా కొండ దాకా నడుస్తున్నాను. బక్రీదు నాడు మాత్రం డాక్టరమ్మ అనుమతితో రెండు ముక్కలు, జాన్‌బీ లెక్కపెట్టి వడ్డిస్తుంది. దూది అని వెటకారం చేసిన కోడి ఖైమా మీద ఇప్పుడు నాకు మోజు పుట్టింది. మొన్న మా వియ్యంకులు వస్తే గోంగూర వేసి అదే పెట్టాం, అడిగి మరీ వడ్డించుకున్నారు.

ఇది చదివేవాళ్లకి ఒక్క మాట. మందులు, పథ్యం సంగతి మీ డాక్టరు చెబుతారు. నేను చెప్పేది ఒక్కటే. ఆస్పత్రికి వెళ్లేటప్పుడు మీకు వండేవాళ్లని తీసుకెళ్లండి, మీకు మాంసం కొట్టేవాళ్లు తెలిసినవాళ్లైతే వాళ్లని కూడా తీసుకెళ్లండి. ప్రేమగా పెట్టేవాళ్లకి ఎంత పెట్టకూడదో డాక్టరు నోట వినిపించండి. ఖైమా మాత్రం మీ కళ్లెదుటే కొట్టించుకోండి.

మా దుకాణంలో ఇప్పుడు కోడికి వేరే మొద్దు, వేరే కత్తి ఉన్నాయి. గుండె జబ్బు చీటీలు పట్టుకుని వచ్చేవాళ్లు చాలామందే అయ్యారు. వాళ్లకి కొడుతున్నప్పుడు కాశిం చెయ్యి ఇప్పటికీ చూడకుండానే పైకి లేస్తుంది. ఎంత చెప్పినా ఆ అలవాటు పోలేదు. అందుకని ఆ మొద్దు మీది కొక్కేనికి రోజూ పొద్దున్నే నేనే పుదీనా కట్టలు వేలాడదీస్తున్నాను.