బొటనవేలు చూపితే ఎందుకని అడగం

కరోనా సద్దుమణిగాక వచ్చిన రెండో చలికాలం. వంశధార వరదనీరు తగ్గి సముద్రం తేటపడే రోజులు. కళింగపట్నంలో ఒక చిన్న స్కూబా డైవింగ్ కేంద్రంలో నేను ఇన్‌స్ట్రక్టర్‌ని. పుట్టింది చీపురుపల్లిలో, సముద్రం చూడాలంటే ప్రయాణం కట్టాల్సిన ఊరు. అందుకేనేమో, నీళ్లలోకి దిగిన ప్రతిసారీ ఎవరి కలలోకో చెప్పాపెట్టకుండా దూరినట్టే ఉంటుంది నాకు.

నీళ్లకింద కులాలు లేవుగానీ, శిక్షణ కార్డులున్నాయి. కొత్తగా నేర్చుకున్నవాడు ఓపెన్ వాటర్; పద్దెనిమిది మీటర్లు దాటకూడదు. అనుకున్నప్పుడు నేరుగా పైకి రాగలిగే లోతుల్లో తిరిగేవాళ్లంతా రిక్రియేషనల్, సరదా డైవర్లు. ఇంకా లోతుకు, ఓడల కడుపుల్లోకి పోయి, ఒంట్లో చేరిన గ్యాసు వదిలేదాకా ఆగి ఆగి పైకి వచ్చేవాళ్లు టెక్నికల్. టెక్ కార్డు చేతికొచ్చినవాడు ఒడ్డున నడిచే తీరు చూడాలి, అచ్చం పెళ్లికొడుకే.

నరసన్నపేట అప్పలనాయుడుగారు ఏళ్లతరబడి టెక్ డైవర్. ఒకసారి లోతునుంచి తొందరపడి రావడంతో బెండ్స్ వచ్చింది, అంటే ఒంట్లో గ్యాసు బుడగలు కట్టడం. ఎడమకాలు మొద్దుబారి, ప్రెషర్ ఛాంబర్‌లో పడుకుని బయటపడ్డారు. ఇంకోసారి వస్తే ప్రాణానికి పూచీ లేదని డాక్టరు హెచ్చరించి, తక్కువ లోతు డైవ్‌లకు మాత్రం ఒప్పుకున్నారు. ఒంటరిగా పంపనని ఆయన భార్య పట్టుబట్టి తన తమ్ముణ్ణి తోడిచ్చింది. ఆ తమ్ముడే సూరిబాబు. వరి పండించుకునే మనిషి, బావ కోసమే నా దగ్గర ఓపెన్ వాటర్ నేర్చుకున్నాడు.

ఆ ఉదయం ముగ్గురం ఒక పాత ఓడ మునిగినచోటికి పడవలో వెళ్లాం. జంటలో చిన్న కార్డు ఎవరిదో ఇద్దరికీ అదే హద్దని గుర్తుచేశాను.

"అయితే నన్ను సరదా డైవర్లలో కలిపేస్తన్నావేటమ్మా?" అన్నారు నాయుడుగారు. నవ్వుతూనే అన్నా, లోపల ఉడికిపోతున్నారు.

"సరదాకి దిగితే పరువు పోద్దా బావా?" అన్నాడు సూరిబాబు.

"ఒరే, ఇది మీ వరిమడి అనుకున్నావేటి? నోర్మూసుకుని నా ఎనకాల రా."

"మడిలోనైతే నువ్వే నా ఎనకాల వస్తావు."

దిగాం. పైనున్న గాలీ మాటలూ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆకుపచ్చటి వెలుగులో సన్నటి చేపలు గుంపుగా వంగుతూ, విడిపోతూ, మళ్లీ కలుస్తున్నాయి. కాసేపటికి కింద ఓడ కనిపించింది, ముందు నీడగా, తర్వాత మసక ఇల్లుగా. అక్కడికి వెళితే నాకు టైము తెలియదు. డెక్ మీద ఈదుతుంటే, ఏనాడో దిగిపోయిన జనం ఇంకా ఇక్కడే ఎక్కడో మాట్లాడుకుంటున్నారనిపిస్తుంది.

తిరిగి చూసేసరికి నాయుడుగారు హ్యాచ్ దగ్గర ఆగి ఉన్నారు. ఇంజను గదిలోకి దిగే నల్లటి నోరు అది. టార్చి లోపలికి వేశారు. నా సిలిండరు మీద టకటకా కొట్టాను, చూడలేదు. తల లోపల పెట్టారు. ఆయన దూరితే సూరిబాబు కూడా వెనకే దూరతాడు. అక్కడినుంచి ఇద్దరినీ తేవడం నావల్ల అయ్యే పని కాదు.

అంతలో సూరిబాబు మెల్లగా వెళ్లి బావ భుజం తట్టాడు. ఆయన తల తీయగానే ఎదురుగా నిలబడి బొటనవేలు పైకి చూపించాడు.

మాలో దానికి ఒకటే అర్థం: డైవ్ అయిపోయింది, పైకి పోదాం. పెద్ద కార్డు, చిన్న కార్డు లేదు. ఎవరు చూపినా అందరూ తిరగాల్సిందే. ఎందుకని ఎవరూ అడగరు, పడవెక్కాక కూడా. అడిగితే ఇంకోసారి భయపడ్డవాడు మొహమాటానికి చూపించడు.

నాయుడుగారు బావమరిదిని చూశారు. హ్యాచ్‌ని చూశారు. చాలాసేపటికి తనూ బొటనవేలు ఎత్తారు. పైకి వస్తూ జాగ్రత్తకోసం తాడు పట్టుకుని ఆగినచోట, ఎండ ముక్కలుగా రాలుతుంటే, ఆయన రెండోచెయ్యి సూరిబాబు జాకెట్టు పట్టీని వదల్లేదు.

పడవలో సూరిబాబు సామాను విప్పుతుంటే అతని సిలిండరు గేజ్ చూశాను. గాలి కావలసినంత ఉంది. నాయుడుగారూ చూశారు. "సలేస్తందేట్రా?" అని తువ్వాలు అందించారు, అంతే.

ఒడ్డున సూరిబాబు టీ తేవడానికి వెళ్లాక ఆయన నాతో అన్నారు: "బొటనేలు సూపినోణ్ణి ఇన్నేళ్లలో ఎప్పుడూ ఎందుకని అడగలేదమ్మా. ఇయ్యాల అడగాలనిపించినాది. అడిగితే నిజం సెప్పేస్తాడని భయమేసినాది."

ఎవరు ఎంత లోతుకు పోగలరో కార్డు చెబుతుంది. ఎవరి మాటకు వెనక్కి తిరుగుతారో చెప్పదు. అప్పటినుంచి ఏ జంటను పంపేటప్పుడైనా నేను ముందు చూసేది అదే.

మరుసటి నెల వాళ్లు మళ్లీ వచ్చారు. మీ పేరు టెక్నికల్ జాబితాలో వేయమంటారా, ఓపెన్ వాటర్‌లోనా అని నాయుడుగారిని అడిగాను.

"మాది ఓపెన్ వాటర్ జట్టమ్మా," అన్నారు.