అయస్కాంతం అంటుకున్న షాఫ్ట్

పోయిన యాసంగి పంటప్పటి సంగతి. వరంగల్‌లో నాది బోరు పంపులు బాగుచేసే వర్క్‌షాప్. పరకాల దగ్గరి పల్లె నుంచి అయిలయ్య కాకా విరిగిన పంపు షాఫ్ట్ పట్టుకొచ్చాడు. ఆయన బోరులో నీళ్లతో పాటు ఇసుక వస్తుంది. అందుకని మార్టెన్సిటిక్ స్టెయిన్‌లెస్ స్టీల్‌తో కొత్తది చేసి చేతికిచ్చాను. ఊళ్లో మెకానిక్ బిగిస్తాడు. ఈ రకం ఉక్కును ఎర్రగా కాల్చి, నూనెలో ముంచి, మళ్లీ కాస్త వేడి చేస్తారు. హార్డెనింగ్, టెంపరింగ్ అంటాం. దాంతో తొందరగా అరగని గట్టితనం వస్తుంది. కత్తులు, కత్తెరలు, టర్బైన్ రెక్కలు కూడా ఈ జాతి ఉక్కుతోనే చేస్తారు. దీనికి అయస్కాంతం అంటుకోవడం సహజం.

మర్నాడే కాకా ఆ షాఫ్ట్ తెచ్చి నా బల్ల మీద పడేశాడు.

"ఇనుపది అంటగట్టినవ్ కొడుకా. అయస్కాంతం పెడితె టక్కున అంటుకున్నది."

"ఎవరు పెట్టిన్రు కాకా?"

"పైపులకు పోతె దుకాణపాయన పెట్టిండు. అందరు సూసిన్రు. అసలు స్టీలుకు అంటుకోదట."

వంటింటి గిన్నెల స్టీలుకు మామూలుగా అంటుకోదు, నిజమే. అది వేరే రకం, మెత్తది, ఎంత కాల్చి ముంచినా గట్టిపడదు. ఇదంతా చెప్పబోతే కాకా వినలేదు. దుకాణదారు ఇచ్చిన మెత్తటి షాఫ్టే బిగించుకున్నాడు.

సరిగ్గా వరి పొట్ట మీదుండి నీళ్లు తప్పనిసరైనప్పుడు ఇసుక ఆ షాఫ్ట్‌ను కోసేసింది, పంపు తిరగకుండా పట్టేసింది. కాకా మళ్లీ నా దగ్గరికి వచ్చేసరికి మడి నెర్రెలు విచ్చింది. "జర జల్ది చెయ్ కొడుకా" అన్నాడే తప్ప నా ముఖం చూడలేకపోయాడు. ఆ దుకాణదారు మీద నాకు ఒళ్లు మండిపోయింది.

నేను మొదట చేసిన షాఫ్టే బిగించి, నీళ్లు పారించాక నేరుగా ఆ దుకాణానికి వెళ్లాను. అతను అమ్మే స్టెయిన్‌లెస్ కత్తుల మీద అతని అయస్కాంతమే పెట్టాను. ఒక్కొక్కటీ అతుక్కుంది.

"ఇవన్ని నకిలీయేనా అన్నా?"

అతను నవ్వాడు. "నాకు తెల్వదా? గట్ల సూపెడితెనే గిరాకి నమ్ముతది."

ఒళ్లు మండినా, తెలియక చేశాడేమో, చెప్పి వద్దామనే వెళ్లాను. తెలిసే చేశాడు. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ రక్తం మరుగుతుంది. మా పని గురించి మేం చెప్పకపోతే, ఇంకొకడు తప్పుగా చెప్పి బతుకుతాడని అప్పుడే అర్థమైంది. ఇప్పుడు షాఫ్ట్ ఇచ్చే ముందు నేనే రైతు చేతికి అయస్కాంతం ఇచ్చి, "పెట్టి చూడు, అంటుకోవాలె" అంటున్నాను.

కాకా మడిలో సగం గింజ పట్టక తాలు పోయింది. దాన్ని కోసి బర్లకు మేతగా వేశాడు.