దుప్పి కోసం పట్టిన సాన

మెదక్‌లో మాకు కత్తులు అమ్మే, సాన పట్టే చిన్న దుకాణం ఉంది. ఆరేళ్ల క్రితం మా ఆయన కాలు విరిగి మంచం పడితే, కొన్నాళ్లు నేనే దుకాణంలో కూర్చున్నాను.

ఒక మధ్యాహ్నం హవేలిఘనపూర్ వైపు నుంచి ఒకతను వచ్చి, "అక్కా, తోలు తీసేటందుకు మంచి కత్తి ఇయ్యి" అన్నాడు. మేకకా అని అడిగాను. గొంతు తగ్గించి, "కాదు, దుప్పికి" అన్నాడు.

వద్దని పంపేయాల్సింది. కానీ ఆడదానికి ఈ పనేం తెలుసనుకుంటాడోనని నాకు పంతం. మొన కాస్త పైకి వంగిన పొట్టి కత్తి ఏరి, "దీంతోని తీస్తే తోలు యాడా తెగదు" అన్నాను. సాన పట్టి, గోరు మీద పదును చూసి మరీ ఇచ్చాను.

మూడో రోజు అటవీశాఖ వాళ్లు అతన్ని వెంటబెట్టుకుని వచ్చారు. చంపిన దుప్పి కడుపుతో ఉందట.

"ఎందుకో తెలిసే ఇచ్చినవా?" అని ఆఫీసర్ అడిగాడు.

నేను నోరు తెరిచేలోగా అతనే, "ఆమెకేం తెల్వదు సార్. మేకకని చెప్పి కొనుక్కపోయిన" అన్నాడు. నేను అవునన్నట్టు తల ఊపాను. అతన్ని జీపెక్కించారు.

జైలు నుంచి వచ్చాక ఒకసారి బజార్లో ఎదురుపడి, "బాగున్నవా అక్కా" అని పలకరించాడు. విననట్టు పక్క సందులోకి తిరిగిపోయాను. ఆ రోజు తల ఊపి ఆడిన అబద్ధం కంటే, ఆ పలకరింపుకు జవాబివ్వకపోవడమే నన్ను ఇప్పటికీ ఎక్కువ బాధపెడుతోంది.

– ఒక పాఠకురాలు, మెదక్