రెండోసారికీ మూడోసారికీ మధ్య

నాకు నత్తి. ఈ రెండక్షరాల మాట నోటితో చెప్పాలంటే నాకు మెడనరాలు బిగుసుకుంటాయి. ఇక్కడ చూడండి, ఎంత తేలిగ్గా రాసేశానో! కాగితం మీద నేను పెద్ద వాగుడుకాయని. ఎదురుపడితే మాత్రం అందరూ "పాపం, మంచిపిల్ల, ఎక్కువ మాట్లాడదు" అంటారు. మాట్లాడకపోవడమేమిటి నా తలకాయ, మాట్లాడనిస్తే కదా!

నా నోట్లో మాట ఇరుక్కోగానే ఎదుటివాళ్లకి కంగారు పుడుతుంది. నా బాధ చూడలేక ఆ మాటేదో వాళ్లే పూర్తి చేసేస్తారు. బస్సులో నేను "పా... పా..." అంటుండగానే కండక్టరు "పామర్రేనా?" అని టికెట్ కొట్టి చేతిలో పెట్టేస్తాడు. పాస్ ఉందని చెప్పబోయానయ్యా మగడా! పాస్ సంచిలో పెట్టుకుని టికెట్ కొనుక్కున్న రోజులు నాకు బోలెడున్నాయి.

చిన్నప్పుడు మా అమ్మమ్మ రోజూ పొద్దున్నే వసకొమ్ము అరగదీసి, తేనెలో కలిపి నాలిక మీద రాసేది. అది రాస్తే పిల్లలకి మాటలు గలగలా వస్తాయని నమ్మకం. ఆ చేదు ఇప్పటికీ గుర్తే. "బందర్లో ఉన్న వసకొమ్ములన్నీ దీని నోట్లోనే పోశాను, అయినా నోరు తిరగదేంటే?" అని చివరికి ఆవిడే విసుక్కుంది.

అమ్మ పద్ధతి వేరు. గిలకలదిండి రేవులో చేపల వేలంపాట పెట్టేది మా అమ్మ. పడవలొచ్చాక చేపల్ని గుట్టలు పోయించి, కొనేవాళ్ల మధ్య నిలబడి ధర పిలుస్తుంది. ఇంక పెంచేవాళ్లు లేరనిపించినప్పుడు "ఒకటోసారి" అంటుంది, "రెండోసారి" అంటుంది. అక్కడ ఆగుతుంది. మూడోసారి అనేశాక ఎవరెంత మొత్తుకున్నా ఆ పాట చెల్లదు. అందుకని ఆ మధ్యలో అమ్మ కావాలనే ఆలస్యం చేస్తుంది. తొందరలో ఉన్నవాళ్లు తిట్టినా లెక్కచెయ్యదు. "ఎవరి గొంతులో ఇంకా మాటుందో ఏమో, ఆగాలి కదే" అంటుంది. ఇంట్లో నాతోనూ అంతే. నా మాట మధ్యలో ఆగిపోతే అమ్మ చేప తోముకుంటూ కూర్చుంటుంది తప్ప అందించదు. నేనెప్పుడు పూర్తిచేస్తే అప్పుడే తలెత్తుతుంది.

విచిత్రమేమిటంటే, అమ్మతో గొంతు కలిపి ధర పిలిస్తే నాకు నత్తి రాదు. పాడినా రాదు, పదిమందితో కలిసి అన్నా రాదు. నత్తి ఉన్నవాళ్లలో చాలామందికి ఇంతేనట. ఇది చూసి మా చుట్టాలు "పాటలో లేనిది మాటలో ఎందుకుంటుంది, అంతా వేషాలు" అని తీర్పిచ్చేశారు.

విజయవాడ శివార్లలో, కంకిపాడు దాటాక ఉన్న కాలేజీలో ఆక్వాకల్చర్ ఎమ్మెస్సీ చేశాను. క్యాంపస్ ఇంటర్వ్యూకి రొయ్యల మేత కంపెనీ వాళ్లొచ్చారు. చెరువు గట్ల మీద తిరిగి, రైతులతో మాట్లాడి, రొయ్యలకి ఏ జబ్బొచ్చిందో, మేత ఎంత తగ్గించాలో చెప్పే ఉద్యోగం. ప్రాణం పెట్టి కోరుకున్నాను దాన్ని. మొదటి ప్రశ్నకే నా నోరు పడిపోయింది. ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి ఎంతో దయగా "ల్యాబ్ అయితే మీకు హాయి కదమ్మా?" అన్నాడు. కాదు అనే మాట నా నోట్లోంచి బయటికొచ్చేలోపు ఆయన నవ్వి, తర్వాతివాళ్లని పిలిచాడు. అప్పటినుంచీ బందరులో ఒక ల్యాబ్‌లో చెరువుల నీళ్లు, పిల్ల రొయ్యలు పరీక్ష చేస్తున్నాను. పని బాగా చేస్తాను. హాయిగా ఉన్నానా అని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

మొన్న డిసెంబరులో, అప్పట్లో మాకు పాఠం చెప్పి ఇప్పుడు డిపార్ట్‌మెంట్ హెడ్ అయిన మేడం నాకు మెసేజ్ పెట్టారు. పాత విద్యార్థుల సభ, వచ్చి నీ కెరీర్ జర్నీ పిల్లలకి చెప్పాలమ్మా అని. నన్ను! మైకు ముందు! ఆ వారమంతా అద్దం ముందు నిలబడి సాధన చేశాను. అమ్మ చేత ఆకుపచ్చ నేత చీరకి ఇస్త్రీ చేయించుకున్నాను. ఉయ్యూరు దాటేదాకా బస్సులో పెదాలు కదుపుతూనే ఉన్నాను. పక్కసీటావిడ నేనేదో జపం చేసుకుంటున్నాననుకుంది.

మేడం గదిలో కాఫీ ఇచ్చారు. నాతోపాటు ఇంకో అతిథి కూడా ఉన్నారు. మాకు సీనియర్, ఇంగ్లండ్‌లో పైచదువు చదివి వచ్చారు. మేడం బయటికెళ్లినప్పుడు ఆయన గొంతు తగ్గించి, "ఏం చెప్పమంటారండీ! అక్కడ చదువైపోయాక గోడౌన్లో పెట్టెలు మోశాను. వీసా అయిపోయింది, తిరిగొచ్చేశా. ఇప్పుడు ఇబ్రహీంపట్నంలో మా బావగారి కూల్‌డ్రింక్స్ ఏజెన్సీ చూసుకుంటున్నా. అవన్నీ చెప్పొద్దు, పిల్లలు డీలా పడతారంటున్నారు మేడం" అన్నారు. నవ్వుతూనే అన్నారు కానీ కాఫీ మాత్రం తాగలేదు.

మేడం తిరిగొచ్చి నా పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నారు.

"నీతో ఒక చిన్న పనుందమ్మా. ఫైనలియర్‌లో ఒకమ్మాయుంది, అచ్చం నీలాగే. మాట రాదు పాపం. రేపు మేత కంపెనీ వాళ్లు క్యాంపస్‌కి వస్తున్నారు. ఫీల్డ్ ఉద్యోగాలు. నేనూ వెళ్తానని మొండికేసింది. వాళ్లముందు ఆ పిల్ల అలా ఆగిపోతే మన డిపార్ట్‌మెంట్ పరువేం కావాలి చెప్పు? మిగతా పిల్లల ఛాన్సులు కూడా పోతాయి. మేం చెబితే వినట్లేదు. నువ్వు చెబితే వింటుంది. ల్యాబ్‌లో హాయిగా ఉన్నానని చెప్పు, చాలు."

అదన్నమాట సంగతి. నన్ను పిలిచింది నా కథ వినడానికి కాదు. నోరు మూసుకుని సర్దుకుపోతే ఎంత బాగుంటుందో ఆ పిల్లకి చూపించడానికి. ఒళ్లు మండిపోయింది నాకు. వారమంతా చేసిన సాధనంతా కాఫీ కప్పులోనే వదిలేశాను. ఇక నేను చెప్పాల్సింది ఒక్కటే మాట. ఆ అమ్మాయిని రేపు పంపించండి, అంతే.

హాలు నిండుగా ఉంది. సీనియర్ గారు ముందు మాట్లాడారు, గ్లోబల్ ఎక్స్‌పోజర్ గురించి. పెట్టెల ఊసు లేదు. చప్పట్లు మోగాయి. తర్వాత నేను లేచాను. మేడం రెండో మైకు పట్టుకుని నా పక్కనే నిలబడ్డారు. మూడో వరసలో ఒకమ్మాయి కుర్చీ అంచు మీదకి జరిగి కూర్చుని, పెదాలు బిగపట్టి నన్నే చూస్తోంది. ఎవరూ చూపించకుండానే తెలిసిపోయింది నాకు.

"నే... నే... నేను ల్యా..."

"ల్యాబ్‌లో పనిచేస్తున్నారు" అన్నారు మేడం మైకులో.

తల అడ్డంగా ఊపాను. ల్యాబ్ నేను కోరుకున్నది కాదు అని చెప్పబోయాను. వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ముందు వరసలో లెక్చరర్లు జాలిగా నవ్వుతున్నారు. ఆ జాలినవ్వు కంటే కిసుక్కుమనడమే నయం. ఊపిరి తీసుకుని నేరుగా అసలు మాటకే వచ్చేశాను.

"రే... రేపు ఇంటర్వ్యూకి... ఆ అమ్మాయిని..."

అక్కడ పడిపోయింది తాళం. గొంతు బిగుసుకుంది, కళ్లు మూతలు పడ్డాయి. ఇంకొంచెం ఆగితే వచ్చేసేది. నాకు తెలుసు, అంచుదాకా వచ్చేసింది.

"తొందరపడొద్దంటున్నారు! మనకి ఏది నప్పుతుందో అదే చూసుకోవాలంటున్నారు. అనుభవంతో చెప్పిన మాట. గట్టిగా చప్పట్లు!" అన్నారు మేడం.

చప్పట్లు కొట్టారు. నేను చెయ్యెత్తి కాదు కాదంటుంటే భుజాల మీద శాలువా పడింది. మెమెంటో చేతిలోకొచ్చింది. ఫొటో తీశారు. వందన సమర్పణ అయింది. ఆ వెంటనే జాతీయ గీతం. ఇంక కదలడానికి లేదు, మాట్లాడటానికి లేదు. అందరితోపాటు నిలబడి పాడాను. ఒక్క అక్షరం తడబడలేదు. మూడో వరసలో ఆ అమ్మాయి కూడా పాడుతోంది. తనకీ ఎక్కడా తడబాటు లేదు. ఇద్దరం ఒకరినొకరం చూసుకుంటూ చివరిదాకా పాడాం. కళ్లల్లో నీళ్లు తిరిగాయి నాకు. పక్కనున్నవాళ్లు దేశభక్తి అనుకుని ఉంటారు.

భోజనాల దగ్గర సీనియర్ గారు వచ్చి "మీరు వేరే ఏదో చెప్పబోయారు కదండీ?" అన్నారు. అవునని తలూపాను. ఆయన తల దించుకుని "నేనూ అంతేలెండి" అన్నారు.

చేతులు కడుక్కునే చోట ఆ అమ్మాయే నా దగ్గరికొచ్చింది. చల్లపల్లి దగ్గర వాళ్లూరు. తండ్రికి రెండెకరాల రొయ్యల చెరువుంది, చిన్నప్పటినుంచీ ఆ గట్టు మీదే పెరిగింది. ఇదంతా తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం ఒకటే మాటంది, చాలాసేపు పెనుగులాడి.

"మీ... మీరు కూడా వద్దన్నారు కదక్కా."

నాకు నోరు పెగల్లేదు. ఆ క్షణంలో అస్సలు పెగల్లేదు. గబగబా ఫోను తీసి టైపుచేసి చూపించాను. నేను అన్నది అది కాదు, నువ్వు వెళ్లు. తను చదివింది. ఫోను నా చేతికి తిరిగిచ్చేసింది.

"మె... మెసేజ్‌లో ఎవరైనా చెప్తారక్కా. అక్కడ చె... చెప్పలేకపోయారుగా."

చెంప మీద కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు. నా నంబరు మాత్రం తన ఫోన్లో ఎక్కించి వచ్చేశాను.

ఇంటికెళ్లి శాలువా మంచం మీద విసిరికొట్టాను. అమ్మ నా మొహం చూసి ఏమైందని అడిగింది. జరిగినదంతా ఆగి ఆగి చెప్పాను. అమ్మ వేపుడు పొయ్యి మీంచి దింపేసి మరీ విన్నది.

"అయితే నీ నోట్లో మాటుండగానే ఆవిడ మూడోసారి అనేసిందన్నమాట."

"ఊఁ."

"ఇది రేవు కాదుగా. మళ్లీ పెట్టుకోవే పాట" అంది.

మర్నాడు పొద్దున్న ల్యాబ్‌కి బయల్దేరుతుంటే ఫోను మోగింది. తెలియని నంబరు. నాకు ఫోనంటేనే చచ్చేంత భయం. ఎత్తాను. అవతల చప్పుడు లేదు. వేరే ఎవరైనా అయితే హలో హలో అని పెట్టేసేవాళ్లే. సన్నగా ఊపిరి వినిపిస్తోంది, బిగబట్టి వదులుతున్న ఊపిరి. నాకు ఆ ఊపిరి బాగా తెలుసు. చెప్పులు విప్పేసి అరుగు మీద కూర్చున్నాను. మనసులో ఒకటోసారి అనుకున్నాను. రెండోసారి అనుకున్నాను. మూడోసారి మాత్రం అనుకోలేదు. వీధిలో పాలవాడు వచ్చి వెళ్లాడు. ల్యాబ్ ఆటో హారన్ కొట్టి కొట్టి వెళ్లిపోయింది.

అప్పుడు వచ్చింది తన పేరు. ముక్కలు ముక్కలుగా, చివరిదాకా. ఇంటర్వ్యూలో మొదట అడిగేది అదే కదా. నత్తి ఉన్నవాళ్లకి అన్నిటికంటే కష్టం సొంత పేరే. ఆ పేరు ఇక్కడ రాయను. నోటితో చెప్పుకోవాల్సింది ఆ పిల్లే.

"వె... వెళ్తున్నానక్కా" అని పెట్టేసింది.

సాయంత్రం మళ్లీ ఫోన్ చేసింది. ఉద్యోగం రాలేదు. ఏడుస్తోంది. సబ్జెక్ట్ బాగా వచ్చు కానీ రైతులు నీకోసం అంతసేపు ఆగరమ్మా అన్నారట వాళ్లు. "మా నా... నాన్న కూడా రైతేనండీ, ఆ... ఆయన ఆగుతాడు అన్నానక్కా. పూర్తిగా అన్నా" అంది. ఆ మాటకి నాకూ ఏడుపొచ్చింది. ఏడుస్తూనే ఇంకో సంగతి చెప్పింది. వచ్చేవారం వేరే కంపెనీ వస్తోంది. దానికీ నువ్వు రావద్దు అన్నారట మేడం. మీ సీనియరే స్టేజీ మీద అంత చక్కగా చెప్పింది, విన్నావు కాదు, చూడు ఏమైందో, అన్నారట.

"మీరు మే... మేడంకి చెప్పారా అక్కా, అలా అనలేదని?"

చెప్పలేదు. నేను అనని మాట నా పేరు మీద తిరుగుతోంది, ఆ పిల్ల దారికి అడ్డంగా పడుకుంది. మెసేజ్ పెట్టొచ్చు. మెసేజ్‌లో ఎవరైనా చెప్తారు.

మేడం నంబరు నొక్కాను.

"ఆఁ, చెప్పమ్మా! హలో? హలో? సిగ్నల్ లేనట్టుంది" అని పెట్టేశారు. మళ్లీ చేశాను.

"ఫొటోల కోసమా? గ్రూపులో పెట్టానమ్మా."

"కా... కాదండీ."

"ట్రావెలింగ్ ఛార్జీలా?"

"కాదండీ."

"మరి ల్యాబ్‌లో ఆ అమ్మాయికేమన్నా ఖాళీ ఉందా? అబ్బ, ఎంత మంచిదానివమ్మా!"

"కాదండీ, కాదు."

ఆవిడ దగ్గరున్న మాటలు అయిపోయాయి. అవతల ఏమీ వినపడలేదు. విసుక్కుంటున్నారో, వింటున్నారో తెలియదు. పెట్టెయ్యలేదు మాత్రం. అమ్మ పీటమీద చేప తోముతోంది, తలెత్తి చూడలేదు. నా గొంతు బిగుసుకుంది, కళ్లు మూతలు పడ్డాయి, నిన్న ఆగిపోయిన చోటే మళ్లీ ఆగింది. ఆగనీ అనుకున్నాను.

"ఆ అ... అమ్మాయిని... పం... పం... పంపించమన్నానండీ నేను."