శకుంతల ఆంటీ వెలిగించిన అగరుబత్తి

అమెరికాలో మేముండే ట్రాయ్‌లో చలి మొదలై, ఇల్లు వెచ్చబరిచే ఫర్నేస్ తొలిసారి ఆన్ అయిన రోజున ఇల్లంతా కాలిన దుమ్ము వాసన వేస్తుంది. నిన్న పొద్దున ఆ వాసన రాగానే మా అమ్మాయి ముక్కు మూసుకుని, "అమ్మా, స్టింకీ!" అంటూ పైకి పరిగెత్తింది. నాకు మాత్రం శకుంతల ఆంటీ గుర్తొచ్చి, చేతిలో కాఫీ చల్లారిపోయేదాకా మెట్ల మీదే కూర్చుండిపోయాను.

ఆంటీది మా వెనక వీధి. బెజవాడ మనిషి. కార్ల కంపెనీలో హీటర్ల గాలి గొట్టాలు డిజైన్ చేసి రిటైరైంది. గొంతు పెద్దది, నవ్వు ఇంకా పెద్దది. మా చుట్టుపక్కల తెలుగువాళ్ల ఇళ్లల్లో ఎవరి హీటర్ మొరాయించినా మెకానిక్ కంటే ముందు ఆవిడకే ఫోన్ వెళ్లేది. "నేనేమన్నా ఫ్రీ సర్వీస్ సెంటర్ పెట్టానా?" అని కసురుకుంటూనే బూట్లు తొడుక్కునేది.

మా అమ్మాయి పుట్టిన చలికాలం సంగతి ఇది. మామగారి ఏడాది కార్యం అవుతూనే అత్తగారు కరీంనగర్ నుంచి నాకు సాయానికి వచ్చారు. దేవుడు ఈశాన్యంలో ఉండాలని, వచ్చిన రోజే మా ఆయన చేత ఒక చెక్క మందిరం తెప్పించి, హాల్లో ఆ మూలన గోడకు ఆనించి పెట్టించారు. వంట, బట్టలు, నా పథ్యం అన్నీ నెత్తిన వేసుకున్నారు. పిల్లను మాత్రం ఎత్తుకోరు! చేతికి ఇవ్వబోతే, "చేతులు సల్లగున్నయ్ బిడ్డా," అంటూ కొంగుకు తుడుచుకుని వంటింట్లోకి వెళ్లిపోయేవారు. ఆడపిల్ల అనేనా అని నాకు కడుపు మండిపోయేది. అసలే బాలింతని, నిద్ర లేదు, ఓపిక లేదు. ఆ కోపమంతా మా ఆయన మీద చూపించేదాన్ని.

ఆవిడ వచ్చిన వారంలోనే ఫర్నేస్ పేచీ మొదలైంది. కాసేపు వేడిగాలి వచ్చేది, అంతలోనే మంట ఆగిపోయి చల్లగాలి కొట్టేది, మళ్లీ కాసేపటికి అంటుకునేది. మా ఆయన ఫిల్టర్ మార్చాడు, లాభం లేకపోయింది. మెకానిక్ వచ్చే వారం దాకా ఖాళీ లేదన్నాడు. ఈలోగా పిల్లకు జలుబు చేసింది. ఆ రోజు అత్తగారు మా ఆయన్ని పిలిచి, "నా టికెట్ ముందటికి జరుపు కొడుకా, నేను పోత," అన్నారు. ఎందుకని అడిగితే పెదవి విప్పరు. "వెళ్లనీ! ఉండి మాత్రం పిల్లని ఎత్తుకున్నారా, ఏమన్నానా?" అన్నాను, ఆవిడకు వినబడేలాగే.

సంగతి తెలిసి ఆ మధ్యాహ్నం ఆంటీ వచ్చింది. బేస్‌మెంట్‌లోకి దిగి చూసొచ్చి, "మెషీన్ బానే ఉందమ్మా. గాలి అందట్లేదు దానికి. లోపల వేడెక్కిపోయి సేఫ్టీ స్విచ్ ఆపేస్తోంది. ఇంట్లో గాలిని వెనక్కి లాక్కునే దారి ఎక్కడో మూసుకుపోయింది," అంది. ఆ తర్వాత నన్నూ అడగలేదు, మా ఆయన్నీ అడగలేదు. తిన్నగా వంటింట్లోకి వెళ్లి, "వదినగారూ, రోజంతా ఇల్లు కనిపెట్టుకుని ఉండేది మీరు. ఇది ఆన్ అయినప్పుడు ఇంట్లో ఏం మారుతోందో మీరే చెప్పాలి," అంది.

ఆ మాటకి అత్తగారికి ఏడుపు తన్నుకొచ్చింది. "దీపం కొండెక్కుతాంది వదినె. ఎన్నిసార్లు ముట్టించినా ఉంటలేదు. ఆయన పోయి ఏడాదే ఆయె, పసిగుడ్డు దగ్గరికి అప్పుడే ఎందుకని మావోళ్లు అన్నరు. నేను ఇనలే. నేనొచ్చినంకనే ఇల్లు సల్లవడ్డది, పిల్లకు సర్ది అయింది. నా చెయ్యి తగిలితే దానికి ఇంకేమైతదో అని..."

హాల్లో కూర్చున్న నాకు అన్నీ వినబడ్డాయి. ఎన్ని మాటలన్నాను ఆ మనిషిని!

ఆంటీ ఓదార్పు మాటలేవీ చెప్పలేదు. "అగరుబత్తి ఉందా?" అని అడిగి, వెలిగించి అత్తగారి చేతికే ఇచ్చింది. మా ఆయన థర్మోస్టాట్ పెంచాడు. ఇద్దరూ గదిగదికీ తిరిగారు. వేడిగాలి వచ్చే ప్రతిచోటా పొగ చెదిరిపోయింది. మందిరం దగ్గరికి వచ్చేసరికి మాత్రం వంగి, దాని వెనక సందులోకి జారిపోయింది. "ఏందిది? లోపలికి పోతాంది!" అన్నారు అత్తగారు. మా ఆయన మందిరాన్ని ముందుకు జరిపాడు. వెనక గోడకు పెద్ద ఇనుప జాలీ. ఆ అంతస్తులో గాలి లాక్కునే దారి అదొక్కటే.

"ఓస్, ఇంతేనా! మందిరం పెట్టి..." అని నోరు తెరిచాను. ఆంటీ ఒక్క చూపు చూసింది. ఠక్కున మూసుకున్నాను. "చూశారా వదినగారూ, మీ దీపాన్ని ఆర్పేస్తోంది కింద ఫర్నేస్‌లో గాలి లాగే ఫ్యాను. మనందరికంటే ముందు కనిపెట్టింది మీరే. ఇల్లు కొన్నవాళ్లకే జాలీ ఎక్కడుందో తెలీదు, మొన్న దిగిన మీకేం తెలుస్తుంది? ఏమయ్యా, ఇంజినీరూ?" అని మా ఆయన్ని గదమాయించింది.

మందిరాన్ని అదే మూలన రెండో గోడకు మార్చారు. అత్తగారు దీపం వెలిగించి, ఫర్నేస్ ఆన్ అయ్యాక కూడా కదలకుండా దాని ముందే నిలబడ్డారు. దీపం నిలిచింది. ఆవిడ చేతులు కడుక్కుని, వెచ్చగా రుద్దుకుంటూ నా దగ్గరికి వచ్చి, "ఇటియ్యి బిడ్డా," అన్నారు. పిల్లను గుండెకు హత్తుకుని నవ్వారో ఏడ్చారో నాకు తెలియదు, నేనూ ఏడుస్తున్నాను కదా!

ఆంటీని సాగనంపుతూ, "మీకు ముందే తెలుసు కదూ?" అని అడిగాను. "లోపలికి అడుగు పెట్టగానే. మందిరం వల్లేనని నేను చెబితే మీ అత్తగారు ఆ మాట జన్మంతా మోస్తుంది. తనే కనిపెడితే ఊరంతా చెప్పుకుంటుంది," అంది. అన్నట్టే, ఆ కథ కరీంనగర్‌లో వినని చుట్టం లేడు.

ఈ ఎండాకాలంలో ఆంటీ పోయింది. ఫోన్‌లో అత్తగారికి చెప్పాను. "ఆమె రాకుంటే పిల్లను ఎత్తుకోకనే వాపస్ వస్తుంటి," అన్నారు. నా నోటి దురుసు ఇప్పటికీ పోలేదు, ఒప్పుకుంటాను. కానీ ఎవరైనా ఎడంగా ఉంటే, వీళ్లకు ప్రేమ లేదు అని అనబోయి ఆగుతున్నాను. దగ్గరికి వెళ్లి కూర్చుని, ఏమైందని అడుగుతున్నాను. చాలాసార్లు అక్కడ ఉండేది భయమే.