ఒడిలో కూర్చునే ఉద్యోగం

మా చిన్నప్పుడు... అని మొదలుపెట్టే ముందు, కోలారు జిల్లా శ్రీనివాసపురం తాలూకాలో నన్ను ఒడిలో కూర్చోబెట్టుకున్న అక్కలకూ పిన్నమ్మలకూ చేతులు జోడించి బహిరంగ క్షమాపణ చెప్పుకుంటున్నాను. మీరు ఆశించిన ఫలితం నా వల్ల రాలేదు. సేవాలోపానికి చింతిస్తున్నాను...

అమ్మకు పెళ్ళయిన చాలా ఏళ్ళకు, బెంగళూరు ఆస్పత్రిలో వైద్యం చేయించుకుంటే పుట్టినవాణ్ణి నేను. ఇంట్లో అది రహస్యమేమీ కాదు. "నా కడుపులోకి రాకముందు కొన్ని దినాలు గాజు గిన్నెలో ఉంటివి నాయనా" అని ముద్దలు పెడుతూ చెప్పేది.

"నాకు చలేసిందా మా?"

"లేదు లే, వెచ్చంగానే పెట్టింటారు" అనేది. ఆమెకూ అంతకంటే తెలియదు పాపం.

ఊళ్ళో మాత్రం మా అవ్వ, వీడు గంగమ్మ వరం అని చాటేసింది. ఇంకేముంది... వరంగా పుట్టినవాణ్ణి ఒడిలో కూర్చోబెట్టుకుంటే కడుపు పండుతుందని ఎవరో మొదలుపెట్టారు. నా ఉద్యోగం ఖాయమైంది.

"రొంతసేపు మీ పిల్లోణ్ణి అంపించమ్మా" అని కబురొచ్చేది. తలంటి, ఉతికిన చొక్కా తొడిగి తీసుకెళ్ళేవారు. పీట మీద ఒకామె, ఆమె ఒడిలో నేను, నా చేతిలో అరటిపండు. మామిడి తోటల మధ్య పుట్టి అరటిపండ్లతో పెరిగిన మనిషిని బహుశా నేనొక్కణ్ణే...

ఎనిమిదేళ్ళు వచ్చేసరికి నా కాళ్ళు నేలకు తగిలేవి. నేను ఆమె ఒడిలో ఉన్నట్టు కాదు, ఆమె నా వెనక దాక్కున్నట్టు ఉండేది. నవ్వొచ్చేది. కానీ కొందరు నా మెడ మీద ముఖం పెట్టి ఏడ్చేవారు. కదలొద్దని ఎవరూ చెప్పకపోయినా కదిలేవాణ్ణి కాదు. ఇంటికొచ్చి, పొద్దుండగానే పడి నిద్రపోయేవాణ్ణి. కూర్చున్నందుకే అంత అలసట ఏమిటో...

"నేనింగ పోనమ్మా" అన్నానొకసారి.

"నేనూ అట్ల పీట మీద కూసున్నదాన్నే గదరా. ఒద్దని యా నోటితో చెప్పేది?" అంది అమ్మ. అందుకే వచ్చిన ప్రతి ఆమెనూ వంటింట్లోకి పిలిచి, గొంతు తగ్గించి చెప్పేది... "ఆస్పత్రికి మొగుడూ పెండ్లామూ ఇద్దరూ పోవాలమ్మా. ఇద్దరికీ చూస్తారు." వాళ్ళు తలూపేవారు. ఆ మాట వంటింటి గడప దాటేది కాదు.

ఆ ఏడు మామిడికాయలు దిగుతున్న రోజుల్లో సరోజక్క ఇంటికి పిలిచారు. సరోజక్క పుట్టినిల్లు టేకల్. మా పక్క వీధి మునిరాజన్న భార్య. ఆమె అత్త చౌడమ్మ నా ముందే తేల్చేసింది.

"కాయల లారీలు పోయేలోపల ఏదో ఒకటి తెలియాల. లేదంటే దీన్ని టేకల్‌కి అంపించేస్తా. మావాడికి ఇంగొకదాన్ని చూసి పెట్టుకోనుండాను."

నా నడుము చుట్టూ ఉన్న సరోజక్క చేతులు బిగుసుకున్నాయి. నాకు ఊపిరాడలేదు. ఒడిలోంచి జారి బయటికి వచ్చేశాను.

బయట అరుగు మీద మునిరాజన్న, ఇంకొందరు కాయలు ఏరుతున్నారు. మా నాయనా వాళ్ళలోనే ఉన్నాడు.

"అన్నా, నువ్వు ఆస్పత్రికి ఎప్పుడు పోతావు?" అన్నాను.

"నాకేమైందిరా?"

"నేను ఒళ్ళో కూసుంటే ఏమీ రాదన్నా. మా అమ్మ చెప్పింది, ఇద్దరికీ చూడాలంట."

ఎవరో గట్టిగా నవ్వారు. "మగోడికి ఎందుకురా ఆస్పత్రి?"

"మా నాయన పోయినాడు గదా. మా నాయన మగోడు కాదా?"

నవ్వు ఆగిపోయింది. అందరూ మా నాయన వైపు చూశారు. ఆయన చేతిలో ఉన్న కాయను అటూ ఇటూ తిప్పి చూసి, బుట్టలో పెట్టాడు. చాలా అలసిపోయినవాడిలా అన్నాడు...

"పోయినానప్పా. చూసినారు. లోపం నాదే అన్నారు. మందులు మింగినాను. ఇదో, వీడు పుట్టి మీ ముందర నిలబడి మాట్లాడతా ఉండాడు. ఇప్పుడేమి?"

అందరూ మళ్ళీ కాయలు ఏరడంలో పడ్డారు. అవ్వ మాత్రం కొన్నాళ్ళు నాతో మాట్లాడలేదు, గంగమ్మ పరువు తీశానని.

సరోజక్కకు పిల్లలు పుట్టలేదు. మొగుడూ పెండ్లామూ ఇద్దరూ బెంగళూరు ఆస్పత్రికి వెళ్ళినా పుట్టలేదు. అన్నీ ఫలించవు కదా... కానీ ఆమెను టేకల్‌కి ఎవరూ పంపలేదు. రెండో పెళ్ళి మాట చౌడమ్మ ఎత్తబోతే, మునిరాజన్న "లోపం నాది మా, దాన్నేం అనొద్దు" అన్నాడట, అదే అరుగు మీద, అందరి ముందూ.

ఇప్పుడు కోలారు బస్టాండు గోడల నిండా పిల్లలు పుట్టించే ఆస్పత్రుల ప్రకటనలే. ఎవరి ఒడిలోనూ ఎవరినీ కూర్చోబెట్టడం లేదు. అయినా మొన్న ఒక పెళ్ళిలో విన్నాను... వంటింట్లో ఆడవాళ్ళు "ఇద్దరూ పోవాలమ్మా" అని అదే మాట, అంతే నెమ్మదిగా. మీ ఊళ్ళో ఎట్లా ఉందో రాయండి. నాలా ఒడి డ్యూటీ చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే చేయెత్తండి, యూనియన్ పెట్టుకుందాం.

నా వల్ల ఎవరికీ బిడ్డలు పుట్టలేదు. పుట్టారని ఎవరైనా అంటే నమ్మకండి. నేను నిజంగా చేసింది ఒక్కటే... ఒక మగవాణ్ణి బెంగళూరు బస్సెక్కించాను.